రంగం దాకా వెళ్లొచ్చాను

మా నాయనమ్మకి ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ఒకటే మాట: "రంగం పోయినట్టుంది." అట్లకాడ రంగం పోయేది, కళ్లజోడు రంగం పోయేది, నేను సోఫా కింద దాచిన టీవీ రిమోట్ కూడా రంగమే పోయేది. రంగం అంటే మా అటక మీద ఏదో మూల అనుకునేవాణ్ని చిన్నప్పుడు. అది ఒక ఊరని, ఆ ఊరి అసలు పేరు రంగూన్ అని, ఇప్పుడు దాన్ని యాంగోన్ అంటారని నాకు ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో తెలిసింది. అది కూడా గూగుల్ మ్యాప్స్ చూస్తుంటే!

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లకి రంగం కొత్త కాదు. 'రంగూన్ రౌడీ' అనే నాటకం గురించి మీ తాతల్ని అడగండి, చెబుతారు. అదే పేరుతో కృష్ణంరాజు సినిమా కూడా ఉంది. వందేళ్ల కిందట మన తీరంలో ఎవరికి అప్పు పెరిగినా, ఎవరికి పంట పోయినా, ఎవరు ఇంట్లో గొడవపడి బయటికి నడిచినా, ఓడెక్కి వెళ్లింది అక్కడికే. ఇప్పుడు మనం అమెరికా అన్నట్టు వాళ్లు రంగం అనేవాళ్లు.

మా ఇంట్లోంచి ఇద్దరు వెళ్లారు. నాయనమ్మ వాళ్ల నాన్న, ఆయన తమ్ముడు. అన్న 1942లో నడిచి వెనక్కొచ్చాడు. అవును, నడిచే. తమ్ముడు రాలేదు, అక్కడే ఒక బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1964 దాకా ఉత్తరాలు వచ్చాయట. తర్వాత ఆగిపోయాయి. మిగిలింది ఒక్క కవరు. దాని మీద సిరా చెదిరిపోయి, చదవగలిగింది ఒక్కటే: 52వ వీధి, రంగూన్.

2019 డిసెంబర్లో నాకు వాడకపోతే పోయే సెలవులు తొమ్మిది మిగిలాయి. టీమ్‌లో అందరూ గోవా అన్నారు. నేను బ్యాంకాక్ టికెట్ తీసి, అక్కడి నుంచి యాంగోన్‌కి ఇంకొకటి తీశాను. ఈ-వీసా ఇంట్లో కూర్చునే వచ్చేసింది. బయల్దేరే ముందు రోజు నాయనమ్మ ఆ కవరు ఫొటో తీసుకోమంది. "దొరకడులే. అయినా అడిగి చూడు" అంది.

బైకుల్లేని ఊరు

యాంగోన్‌లో దిగగానే ఏదో తేడాగా అనిపించింది. అదేంటో తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. రోడ్డు మీద బైకుల్లేవు! నగరంలో ఎక్కువ భాగంలో మోటార్‌సైకిళ్లు నిషేధం. హైదరాబాద్ నుంచి వెళ్లినవాడికి ఇది కల లాంటిది. కానీ ట్రాఫిక్ జామ్ మాత్రం మనకేమీ తీసిపోదు.

ఇంకో వింత: బళ్లన్నీ రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, కానీ చాలా కార్లకి స్టీరింగ్ కూడా కుడివైపే. మనలాగే ఎడమవైపు నడిచే దేశాన్ని 1970లో సైనిక పాలకుడు నేవిన్ రాత్రికి రాత్రి కుడివైపుకి మార్చేశాడు. కార్లేమో జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బళ్లు. ముందున్న లారీని ఓవర్‌టేక్ చేయాలంటే డ్రైవర్‌కి ఎదురుగా వచ్చేది కనిపించదు. పక్క సీట్లో కూర్చున్న నేను చూసి చెప్పాలి! టాక్సీ డ్రైవర్ నన్ను ఆ పనికి వాడుకున్నాడు కూడా.

పాత నగరంలో వీధులకి పేర్లు కాదు, నంబర్లు ఉన్నాయి. 1852లో బ్రిటిష్‌వాళ్లు ఊరిని పట్టుకున్నాక ఫ్రేజర్ అనే ఆర్మీ ఇంజినీరు, మాంట్‌గోమెరీ అనే డాక్టరు కలిసి గళ్ల నోట్‌బుక్కు లాగా ప్లాన్ గీశారు. మధ్యలో సూలే పగోడా, దాని చుట్టూ చదరాలు. నదికి సమాంతరంగా పెద్ద రోడ్లు, వాటికి అడ్డంగా నంబర్ల సందులు. పెద్ద రోడ్ల పేర్లు స్వాతంత్ర్యం తర్వాత మారాయి. డల్హౌసీ వీధి మహాబందూల రోడ్డయింది, ఫ్రేజర్ వీధి అనోరథా రోడ్డయింది. నంబర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. అంటే మా కవరు మీది 52వ వీధి ఇప్పటికీ 52వ వీధే. నా ధైర్యమంతా అదే.

ఆ సందుల్లో తలెత్తి చూస్తే ప్రతి బాల్కనీ నుంచి ఒక తాడు వేలాడుతుంటుంది. చివర్లో కాయితాలకి పెట్టే క్లిప్పు, కొన్నింటికి చిన్న గంట. ఐదో అంతస్తులో ఉన్నవాళ్లకి లిఫ్టు లేదు. పేపరబ్బాయి క్లిప్పుకి పేపర్ తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, వాళ్లు పైకి లాక్కుంటారు. కూరగాయలు, ఉత్తరాలు, కరెంటు బిల్లు అన్నీ అంతే. డెలివరీ యాప్ లేకుండానే డెలివరీ!

సముద్రం లేని సముద్రపు రేవు

మ్యాప్ చూస్తే యాంగోన్ సముద్రపు ఒడ్డున ఉండదు. సముద్రం ముప్పై కిలోమీటర్లకి పైగా కిందకి ఉంటుంది. ఊరు ఉన్నది యాంగోన్ నది మీద. దేశానికి వెన్నెముక లాంటి ఐరావతి నది కూడా పక్కన లేదు. ఆ నదికీ ఈ నదికీ మధ్య 35 కిలోమీటర్ల త్వాంతే కాలువ తవ్వారు. ఆ కాలువలోంచే డెల్టా బియ్యం రంగూన్‌కి వచ్చేది.

నది గట్టు మీద ఒక సాయంత్రం కూర్చుంటే అసలు విషయం అర్థమైంది. ఇది ఆటుపోట్ల నది. పొద్దున చూసిన నీటికీ సాయంత్రం చూసిన నీటికీ మధ్య ఒక అంతస్తు ఎత్తు తేడా. అందుకే ఇక్కడ పడవల రేవులు చాలావరకు నేలకి కట్టినవి కావు, నీటి మీద తేలే ఇనుప పెట్టెలు. నీళ్లతో పాటు లేస్తాయి, నీళ్లతో పాటు దిగుతాయి. గట్టుకీ ఆ పెట్టెకీ మధ్య వంతెన పొద్దున దాదాపు చదునుగా ఉంటుంది, మధ్యాహ్నానికి జారుడుబల్లలా అవుతుంది. పెద్ద ఓడలు నదిలోని ఇసుకమేటలు దాటాలంటే పోటు కోసం ఆగాల్సిందే. ఈ కాలపు పెద్ద కంటైనర్ ఓడలకి ఈ లోతు చాలదు. అందుకే దిగువన థిలావాలో కొత్త పోర్టు కట్టారు.

ఇంత తలనొప్పి ఉన్న చోట ప్రపంచంలోనే పెద్ద బియ్యం ఎగుమతి రేవు ఎలా తయారైంది? జవాబు మూడు ముక్కల్లో ఉంది. డెల్టా నేల, 1869లో తెరుచుకున్న సూయెజ్ కాలువ, మనవాళ్ల భుజాలు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం పంపేది. పజుందౌంగ్ అనే కాలువ పొడుగునా బియ్యం మిల్లులుండేవి. మిల్లు నుంచి పడవలోకి, పడవ నుంచి ఓడలోకి ప్రతి బస్తా మనిషి వీపు మీదే వెళ్లాలి. క్రేన్ కంటే కూలీ చవక. ఆ కూలీల్లో పెద్ద భాగం తెలుగువాళ్లు.

కోరంగీ

బర్మావాళ్లు మనవాళ్లని పిలిచిన పేరు 'కోరంగీ'. కాకినాడ దగ్గర గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు పేరు అది. మడ అడవులు చూడ్డానికి మీరు వెళ్లే ఉంటారు, అదే కోరంగి. 1839 తుపానులో ఆ రేవు కుప్పకూలింది, మళ్లీ లేవలేదు. తర్వాత కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం నుంచి స్టీమర్లు నడిచాయి. రేవు మారినా పేరు మారలేదు. కళింగపట్నంలో ఓడెక్కిన మా ముత్తాత కూడా రంగూన్‌లో దిగగానే కోరంగీ అయిపోయాడు. ఆ మాట రానురాను ఊరి పేరుగా కాక తిట్టుగా వినపడేదట.

వీళ్లని తీసుకెళ్లింది మేస్త్రీలు. ఓడ టికెట్టుకి, ఇంట్లో ఖర్చుకి అడ్వాన్సు ఇస్తారు. అక్కడ దిగాక కూలిలోంచి అది కోసుకుంటారు, దాంతో పాటు తమ వాటా కూడా. అప్పు తీరేదాకా మేస్త్రీని వదిలి వెళ్లడానికి లేదు. మా ఆఫీసులో బాండ్ మీద సంతకం పెట్టి రెండేళ్లు కదల్లేక తిట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. పోలికే కాదులెండి. నాకు ఏసీ ఉంది.

1920ల చివర్లో ఏడాదికి మూడు లక్షల మందికి పైగా భారతదేశం నుంచి బర్మాకి ఓడల్లో వెళ్లేవారు, దాదాపు అందరూ దిగింది రంగూన్‌లోనే. వలసల విషయంలో ఆ రేవుని చరిత్రకారులు న్యూయార్క్‌తో పోలుస్తారు. 1931 లెక్కల్లో రంగూన్ జనాభా సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు. బర్మా రాజధానిలో బర్మావాళ్లు మైనారిటీ అన్నమాట! అప్పులిచ్చే చెట్టియార్లు, దుకాణాల గుజరాతీలు, గుమాస్తా పనుల బెంగాలీలు ఒక మెట్టు పైన. రిక్షా లాగేది, రేవులో మోసేది, మరుగుదొడ్లు శుభ్రం చేసేది ఎక్కువగా తెలుగువాళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. "మనవాళ్లు కష్టపడి ఆ ఊరు కట్టారు" అనేసి గర్వపడటం తేలికే. నేను కూడా అలాగే అనుకుంటూ వెళ్లాను. కానీ అదే ఊళ్లో, అదే పని కోసం క్యూలో నిలబడిన బర్మా కుర్రాడి వైపు నుంచి చూస్తే? తన దేశంలో పొలం చెట్టియార్ తాకట్టులో పోయింది, రేవుకొస్తే తక్కువ కూలికి పనిచేసే కోరంగీ ముందే ఉన్నాడు. లాభం మాత్రం ఇద్దరిదీ కాదు, ఓడల కంపెనీలది.

అది 1930లో పేలింది. మే 5న ఇక్కడ గాంధీ అరెస్టయ్యారు. అదే రోజు అక్కడ పెగూలో భూకంపం, రంగూన్ కూడా ఊగిపోయింది. ఆ రోజుల్లోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకి దిగారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మావాళ్లని పెట్టుకున్నాయి. కొద్ది రోజులకి తెలుగువాళ్లతో రాజీ కుదిరింది. మే 26న వీళ్లు పనిలోకి వచ్చారు, బర్మావాళ్లని పొమ్మన్నారు. రేవులో మాటామాటా పెరిగింది. తర్వాత రోజుల్లో వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తెలుగువాళ్లు. ఇద్దరు పేదవాళ్ల గొడవలో కంపెనీ వైపు ఎవరికీ గాయం కాలేదు. నాయనమ్మ వాళ్ల నాన్న అప్పటికింకా వెళ్లలేదు. ఇవన్నీ విని కూడా తర్వాత ఓడెక్కాడంటే ఇక్కడ పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశాయి. విమానాల్ని వింతగా చూస్తూ వీధుల్లో నిలబడినవాళ్లు, రేవు కూలీలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు ముందు తెల్లవాళ్లకి, తర్వాత డబ్బున్నవాళ్లకి. మిగతా నాలుగైదు లక్షల మంది కొండలూ అడవులూ దాటి చిట్టగాంగ్ వైపు, మణిపూర్ వైపు, అస్సాం వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో ఎన్ని వేలమంది పోయారో ఇప్పటికీ సరైన లెక్క లేదు. మా ముత్తాత ఆ నడక గురించి జీవితాంతం ఎవరికీ చెప్పలేదట. నాయనమ్మకి తెలిసింది ఒక్కటే: ఆయన మళ్లీ ఎప్పుడూ చెప్పులు బయట విడవలేదు. నిద్రపోయేటప్పుడు తలకింద పెట్టుకునేవాడు.

52వ వీధి

మూడో రోజు పొద్దున 52వ వీధికి వెళ్లాను. పజుందౌంగ్ కాలువకి నడిచే దూరం. మిల్లు కూలీ ఉండే చోటే. సందులో రెండు వైపులా ఎత్తైన పాత ఇళ్లు, పచ్చగా నాచు పట్టిన గోడలు, తాళ్లు, క్లిప్పులు. ఫోన్‌లో కవరు ఫొటో పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. ఇంటి నంబరు లేనప్పుడు ఎవర్ని ఏమని అడగాలి?

వీధి మొదట్లో ఒక టీ కొట్టు. పిల్లలు కూర్చునేంత ఎత్తున్న ప్లాస్టిక్ స్టూళ్లు. అక్కడ టీని 'లఫెయే' అంటారు, గట్టి డికాక్షన్‌లో డబ్బా పాలు. కుర్రాణ్ని పిలవాలంటే ముద్దు పెట్టినట్టు పెదాలతో శబ్దం చేయాలి. నాకు సిగ్గేసి చెయ్యి ఊపాను. గ్రీన్ టీ ఫ్లాస్కు మాత్రం ఫ్రీ, ఎంతైనా తాగొచ్చు. సమోసాని ముక్కలు చేసి, ఉల్లిపాయ, క్యాబేజీ, నిమ్మరసం కలిపిన సలాడ్ తెచ్చారు. పక్క టేబుల్ మీద ఉన్నది అచ్చం మన పరోటా, దాని పేరు 'పలాటా'.

నాయనమ్మకి వీడియో కాల్ చేసి వీధి చూపిస్తున్నాను. "ఏటి, అంత ఇరుకా?" అంటోంది. అంతలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. లుంగీ లాంటి లొంజీ, డెబ్బై పైన వయసు. నా ఫోన్ వైపు చూసి అడిగాడు.

"మీరు ఎవలి తాలూకా బాబూ?"

అది తెలుగే కాదు, మా తెలుగు. శ్రీకాకుళంలో కూడా ఇప్పుడు పిల్లలు మాట్లాడని తెలుగు. ఫోన్‌లో నాయనమ్మ ఒక్కసారి ఆగిపోయింది. తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన తాతది పలాస దగ్గర ఊరట. ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో బర్మా భాషే, వాళ్లమ్మతో మాత్రం తెలుగు. ఇప్పుడు అమ్మ లేదు. మా చిన్న ముత్తాత పేరు చెబితే తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరోళ్లు పదిమందుంటారు బాబూ. అందరికీ బర్మా పేరు కూడా ఉంటాది. ఏ పేరు మీద ఎతుకుతావు?"

అప్పుడర్థమైంది, నేను వెతుకుతున్న మనిషి పేరు నా దగ్గర లేదని.

"తాతా, మీవాళ్లు 1964లో ఎందుకు రాలేదు?" అని అడిగాను.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1962 మార్చి 2న జనరల్ నేవిన్ అధికారం లాక్కున్నాడు. తర్వాత రెండేళ్లలో బ్యాంకులు, మిల్లులు, చివరికి చిల్లర కొట్లు కూడా ప్రభుత్వపరం అయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు ఉన్నట్టుండి చెల్లవన్నారు. 'చాట్' అంటే వాళ్ల కరెన్సీ. మన 2016 గుర్తుంది కదా, అలాంటిదే. భారతీయుల కొట్లు పోయాయి, దాచుకున్న డబ్బు పోయింది. మన ప్రభుత్వం ఓడలు పంపింది. లక్షలమంది ఎక్కారు. వెంట నగలు, డబ్బు తెచ్చుకోవడానికి కఠినమైన పరిమితులు. అలా వచ్చినవాళ్లతోనే విశాఖలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజార్ వెలిశాయి. చెన్నై వెళ్తే ఆ వీధిలో 'అత్తో' నూడుల్స్ తినండి, అది అక్కడిదే.

పెద్దాయన జవాబు చాలా మామూలుగా చెప్పాడు. "మా అయ్య రేవు దాకా ఎల్లాడు. ఓడ చూసి ఎనక్కొచ్చేసినాడు. అక్కడ మాకు ఎవులున్నారు బాబూ? ఇక్కడ కనీసం అప్పున్నోళ్లైనా ఉన్నారు కదా అన్నాడట." చెప్పి ఆయనే నవ్వాడు.

ఉండిపోయినవాళ్లకి 1982లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కి ముందు నుంచి ఇక్కడున్న జాతులే పూర్తి పౌరులు, మిగతావాళ్లకి వేరే తరగతులు, కార్డులకి వేరే రంగులు. పూర్తి పౌరుడిది గులాబీ రంగు. ఆయన జేబులోంచి తీసి చూపించింది నీలం. అక్కడే పుట్టాడు, అక్కడే పెళ్లాడాడు, అక్కడే టీ అమ్ముతున్నాడు. ఆయన మనవరాలు మాత్రం ఫోన్‌లో కొరియన్ సీరియల్ చూస్తోంది. నాకు హాయ్ చెప్పి మళ్లీ సీరియల్లోకి వెళ్లిపోయింది.

టీ డబ్బులు తీసుకోలేదు. "మనూరోడివి" అన్నాడు.

జోజీ నుంచి యూనికోడ్‌కి

నేను దిగిన హాస్టల్‌లో రాత్రి డ్యూటీ కుర్రాడికి ఇరవై ఒకటి. కౌంటర్ వెనక ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ కోడ్ రాసుకుంటూ కనిపించాడు. అంతే, స్నేహం కుదిరింది. నన్ను 'అకో' అనేవాడు, అంటే అన్న.

అతను చెప్పిన ఒక సంగతి నమ్మబుద్ధి కాలేదు. 2014కి ముందు అక్కడ సిమ్ కార్డు కొనాలంటే వందల డాలర్లు, అంతకు ముందైతే వెయ్యి పైమాటే. డాక్టర్లు, ఆఫీసర్లు మాత్రమే వాడేవాళ్లు. 2014లో ఊరిడూ, టెలినార్ కంపెనీలు వచ్చి 1,500 చాట్లకి సిమ్ అమ్మాయి, అంటే మన వంద రూపాయల లోపే. ల్యాండ్‌లైన్ లేదు, ఇంట్లో కంప్యూటర్ లేదు, నేరుగా స్మార్ట్‌ఫోన్. చాలామందికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే.

తెలుగు టైపింగ్‌తో కుస్తీ పట్టినవాళ్లకి ఇది నచ్చుతుంది. అక్కడి ఫోన్లలో 'జోజీ' అనే ఫాంట్ పద్ధతి రాజ్యమేలింది. అది యూనికోడ్ కాదు. ఒక ఫోన్‌లో రాసింది ఇంకో ఫోన్‌లో చెత్తగా కనిపించేది, వెతికితే దొరికేది కాదు. అచ్చం మన అను ఫాంట్ల కథ! 2019 అక్టోబర్ 1న దేశం మొత్తం యూనికోడ్‌కి మారాలని అధికారికంగా రోజు పెట్టుకున్నారు. నేను వెళ్లింది ఆ తర్వాత రెండు నెలలకి. ఇతను రాస్తున్నది జోజీలో ఉన్న పాత మెసేజ్‌లని యూనికోడ్‌కి మార్చే చిన్న యాప్. రెండు రాత్రులు కూర్చుని ఇద్దరం ఒక బగ్ పట్టుకున్నాం. మన అక్షరాలూ వాళ్ల అక్షరాలూ దక్షిణాది బ్రాహ్మీ కుటుంబానివే, గుండ్రంగా ఉంటాయి. ఒత్తులు కూడా కిందే వస్తాయి. కాబట్టి బగ్ ఎక్కడుంటుందో నాకు ముందే అనుమానం.

ఒక సాయంత్రం అతనే నన్ను ష్వేడగోన్ పగోడాకి తీసుకెళ్లాడు. దాదాపు వంద మీటర్ల ఎత్తు బంగారు స్తూపం, ఫొటోలు మీరు చూసే ఉంటారు కాబట్టి ఎక్కువ చెప్పను. నాకు నచ్చింది ఇంకొకటి. పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో మూల ఉంటుంది, అక్కడ బుద్ధుడికి నీళ్లు పోయాలి. మూలలు ఎనిమిది, వారాలు ఏడు. ఎలా? బుధవారాన్ని రెండు ముక్కలు చేశారు. మధ్యాహ్నం తర్వాత పుడితే రాహువు! పేరు కూడా రాహువే. నేను పుట్టింది బుధవారం సాయంత్రం. అమ్మకి చెబితే, "నాకు ఎప్పుడో తెలుసు" అంది.

చివరి రోజు ఇద్దరం పన్సోడాన్ రేవు నుంచి దలా వెళ్లే ఫెర్రీ ఎక్కాం. పది నిమిషాల ప్రయాణం. పడవలు జపాన్ ఇచ్చినవి. ఒకప్పుడు ఈ ఊరి మీద బాంబులు వేసిన దేశం, ఇప్పుడు జపాన్‌వాళ్లకి టికెట్ లేదు! ఆఫీసు వెళ్లేవాళ్లు, కోళ్ల గంపలు, సైకిళ్లు, పిట్టగుడ్లు అమ్మే అమ్మాయిలు, బుగ్గలకి తనఖా గంధం. శీతాకాలం కాబట్టి సముద్రపు కాకులు పడవ చుట్టూ తిరుగుతున్నాయి, జనం వాటికి తినుబండారాలు విసురుతున్నారు. వెనక్కి తిరిగి చూస్తే స్ట్రాండ్ రోడ్డు పొడుగునా బ్రిటిష్ కాలపు భవనాలు, 1901 నాటి స్ట్రాండ్ హోటల్, వెనక బంగారు స్తూపం. ఊళ్లో చాలా పాత భవనాలకి నీలం ఫలకాలు పెట్టారు, ఎవరు కట్టారో, ఎవరు ఉన్నారో రాసి. బస్తాలు మోసినవాళ్ల గురించి ఒక్క ఫలకం కోసం వారమంతా చూశాను. నాకు కనిపించలేదు.

"మీ ముత్తాత ఇక్కడే దిగి ఉంటాడు అకో" అన్నాడు అతను. "నేనైతే ఎక్కడికీ వెళ్లను. ఇప్పుడే కదా ఇక్కడ అన్నీ మొదలవుతున్నాయి."

అటు నుంచి ఇటు

2021 ఫిబ్రవరి 1 పొద్దున అతని మెసేజ్: "సైన్యం వచ్చేసింది." తర్వాత నెట్ పోయింది. ఆ వారంలోనే ఫేస్‌బుక్ ఆపేశారు. నెట్ వచ్చినప్పుడల్లా వీడియోలు పంపేవాడు. రాత్రి ఎనిమిదింటికి ఊరంతా బాల్కనీల్లో గిన్నెలు, మూకుళ్లు మోగిస్తున్న శబ్దం. దయ్యాల్ని తరిమేటప్పుడు వాళ్లు అలా చేస్తారట. నేను చూసిన ఆ తాళ్ల మధ్య నుంచే. తర్వాత కాల్పులు మొదలయ్యాయి. వీడియోలు తగ్గాయి.

టెలినార్ 2022లో దేశం వదిలి వెళ్లిపోయింది. నేను వెళ్లినప్పుడు డాలర్‌కి 1,500 చాట్లు, 2024లో బయటి మార్కెట్లో నాలుగు వేలు దాటింది. కరెంటు గంటల లెక్కన వచ్చిపోతోంది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చారు: 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవాళ్లు. పాస్‌పోర్ట్ ఆఫీసుల ముందు క్యూలు రోడ్ల మీదకి వచ్చాయి. ఎక్కడికీ వెళ్లనన్న అతనికి అప్పటికి ఇరవై ఆరు.

ఇప్పుడు బ్యాంకాక్‌లో ఉన్నాడు. ఒక గదిలో ఐదుగురు. వెళ్లడానికి ఏజెంటుకి అప్పు చేశాడు, ఇప్పుడు జీతంలోంచి కడుతున్నాడు. పగలు రెస్టారెంట్‌లో పని, రాత్రి కోడింగ్. అతను ఈ సంగతి చెబుతుంటే నాకు మేస్త్రీ గుర్తొచ్చాడు, చెప్పలేదు. వందేళ్ల కిందట అందరూ పని కోసం దిగిన రేవు అది. ఇప్పుడు ఆ ఊరి పిల్లలే పని కోసం, ప్రాణం కోసం బయటికి వెళ్తున్నారు. యాంగోన్ అంటే 'పోరు ముగిసింది' అని అర్థం. 1755లో అలౌంగ్‌పయా రాజు గెలిచాక పెట్టిన పేరు.

టీ కొట్టు పెద్దాయన ఎలా ఉన్నారో తెలియదు. ఫోన్ నంబర్ తీసుకోలేదు. అన్నిసార్లు యూపీఐ కోసం అందరి నంబర్లూ తీసుకునే నేను, ఆ రోజు ఎందుకు తీసుకోలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నాయనమ్మకి ఇవన్నీ చెప్పాను. చిన్నాన్న దొరకనందుకు ఆవిడ పెద్దగా బాధపడలేదు, ముందే అనుకుంది కదా. ఆ టీ కొట్టు ఆయనతో మాట్లాడిన పది నిమిషాలు మాత్రం ఊళ్లో అందరికీ చెప్పింది. ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒకటే అడుగుతుంది.

"ఆ రంగం కుర్రోడు ఉత్తరం రాసినాడా?"

"నిన్న రాత్రే మెసేజ్ పెట్టాడు నాయనమ్మా. బానే ఉన్నాడట."

"నువ్వు కూడా రాస్తుండు. ఆపీకు."